ఒక్కటే దేశము – వీధికొక వెల

1854వ సంవత్సరమున ఈ దేశము నేలుచుండిన ఈస్టిండియా కంపెనీవారు తపాలా చట్టమొకటి చేసిరి. అంతకుముందు జాబు పోవు దూరమును బట్టి రుసుము పెరుగుచుండెడిది. ఆ చట్టముతో పావు తులమునకు మించని జాబు దేశమున నెచ్చటినుండి యెచ్చటికి పోయినను అర్ధణాయే రుసుమని నిర్ణయమైనది. బందరునుండి గుడివాడకు వ్రాసిన జాబునకును, బందరునుండి పెషావరునకు వ్రాసిన జాబునకును బిళ్ల యొక్కటే. కంపెనీవారు మనయెడ ధర్మబుద్ధి కలవారై ఈ పని చేసిరని మేము చెప్పబోము. వారి వర్తకమునకును, వారి దండులకును, వారి కచ్చేరీలకును అది యనుకూలము. అయినను ఆ అర్ధణా బిళ్లలో ఒక సత్యము దాగియున్నది. వార్తకు వెల కట్టవలసినది దూరమును జూచి కాదు. ఒక రాజ్యమున వసించు వారందఱికిని వార్త అందవలసిన యవసరమును జూచి. పరప్రభుత్వము గ్రహించిన ఈ సత్యమును, స్వరాజ్యము వచ్చి 75 ఏండ్లు దాటిన పిమ్మట, మన ప్రభుత్వములు గ్రహింపకున్నవని వ్రాయవలసి వచ్చుట మాకు మిక్కిలి బాధాకరముగా నున్నది.

నేడు జాబునకు మాఱుగా తీగ వచ్చినది. వెండ్రుకవంటి గాజుపోగులో వెలుతురు రూపమున వార్తయు, పాఠమును, బేరమును, అర్జీయు, వైద్యుని సలహాయు పరుగెత్తుచున్నవి. ఈ సౌకర్యమునే బ్రాడ్‌బ్యాండు అనుచున్నారు. ఇది యెవరికి దొరకుచున్నది? ఎంత వెలకు దొరకుచున్నది? ఈ రెండు ప్రశ్నలకును ప్రత్యుత్తరము మనుష్యుని యవసరమునుబట్టి గాని, అతని శక్తినిబట్టి గాని లేదు. అతడు ఏ వీధిలో కాపురమున్నాడో దానినిబట్టి యున్నది. ఇదియే మా ఫిర్యాదు.

మన యూళ్ల స్థితి మూడు విధములుగా నున్నది. నగరము నడిబొడ్డున మూడు నాలుగు కంపెనీల తీగలు ఒకే స్తంభముమీద పెనవేసికొని వ్రేలాడుచుండును. అచ్చట గృహస్థుడు రాజు. ఒక కంపెనీవారు వెల తగ్గింతుమనిన, మఱొకరు మొదటి నెల ఉచితమందురు. వేఱొకరు వేగము రెట్టింపు చేయుదుమందురు. అచ్చటినుండి రెండు మైళ్లు పోయిన పేటలో ఒక్కటే తీగ యుండును. ఆ పేటను తన మిరాశీగా భావించు కేబులు ఆపరేటరు చెప్పినదే వెల, అతడిచ్చినదే వేగము. తీగ తెగిన నాడు అతడు వచ్చినప్పుడే మరమ్మతు. ఇక ఊరు దాటి కాలువగట్టు వెంబడి మఱి నాలుగు మైళ్లు పోయినచో తీగయే లేదు. లేనిదానికి వెల యేమని యడుగుదుము? ఒకే తాలూకా, ఒకే శాసనసభ్యుడు, ఒకే పన్ను. తీగ విషయమున మాత్రము మూడు రాజ్యములు.

ఇందులో విచిత్రమేమనగా, సెల్‌ఫోను విషయమున ఈ భేదము ఇంతగా లేదు. టెలికాం అనుమతులకై దేశమును 22 మండలములుగా విభజించిరి. 2014లో తెలుగువారు రెండు రాష్ట్రములైనను, ఈ లెక్కలో ఆంధ్రప్రదేశమును తెలంగాణమును నేటికిని ఒకే మండలము. శ్రీకాకుళమున వేయించుకొన్న రీఛార్జికిని ఆదిలాబాదున వేయించుకొన్న రీఛార్జికిని సామాన్యముగా వెల యొక్కటే. గాలిలో పోవు వార్తకు సాధ్యమైన సమానత్వము తీగలో పోవు వార్తకు ఏల సాధ్యము గాకున్నది? గాలి విషయమున కంపెనీలు ఒకదానితో నొకటి మండలమంతట పోటీ పడుచున్నవి. తీగ విషయమున పోటీ వీధివీధికి వేఱు. పోటీ యున్నచోట లాభమును వదలుకొనుచున్నారు. లేనిచోట దానిని రెండింతలుగా రాబట్టుకొనుచున్నారు. కావున పేటవాడు చెల్లించు వెలలో కొంత భాగము తీగ ఖర్చు గాదు. అతనికి గత్యంతరము లేకపోవుటకు వేసిన జుల్మానా.

“సెల్‌ఫోనున్నది గదా, తీగ యేల?” అని కొందఱు విజ్ఞులడుగుదురు. ప్రభుత్వమువారును ఈ మాటనే లెక్కలతో చెప్పుచుందురు. 2024 ఏప్రిలు నాటికి దేశమునందలి 6,44,131 గ్రామములలో 6,12,952 గ్రామములకు మూడవ లేక నాల్గవ తరపు మొబైలు సంకేతము చేరినదని వారు ప్రకటించిరి. సంతోషమే. కాని మిగిలిన 31,179 గ్రామములును ఈ దేశములోనివే. అవి యెచ్చట నున్నవో వేఱుగ చెప్పనక్కఱలేదు; మన్యముల లోతట్టునను, కొండల వెనుకను, అడవుల నడుమను ఉన్నవి. 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గము 24,680 గ్రామములకు నాల్గవ తరపు సేవ కల్పించుటకై 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అనగా లోపమున్నదని వారే యొప్పుకొన్నారన్నమాట. మఱియు సంకేతము చేరిన గ్రామములలోనైనను, చేరుట వేఱు, చాలుట వేఱు. ఇంట నలుగురుండి, ఒకరు పాఠము వినుచు, ఒకరు లెక్కలు పంపుచు, ఒకరు ఉద్యోగపు పరీక్షకు అభ్యసించుచు నుండిన, చేతిలోని ఫోను ఆ బరువు మోయలేదు. 2020లో మహమ్మారి వచ్చి బడులు మూతపడినప్పుడు ఈ భేదమును దేశమంతయు కన్నులార జూచినది. నగరమున పిల్లవాడు గదిలో కూర్చుండి పాఠము విన్నాడు. కొండయూరి పిల్లవాడు సంకేతము కొఱకు గుట్ట యెక్కినాడు. ఇద్దఱును వ్రాయవలసిన పరీక్ష మాత్రము ఒక్కటే.

లెక్కలనే మఱి కొంచెము చూతము. 2024 మార్చి నాటికి దేశమున ఇంటర్నెట్టు చందాదారులు 95 కోట్ల 44 లక్షలు. అందులో గ్రామీణులు 39 కోట్ల 83 లక్షలు మాత్రమే. జనాభాలో సుమారు మూడింట రెండు వంతులుగా నున్న గ్రామీణులు చందాదారులలో నూటికి 42 మందియైనను నిండలేదు. తీగద్వారా బ్రాడ్‌బ్యాండు పొందినవారు దేశము మొత్తమున సుమారు 4 కోట్లు. అందులోను పట్టణములదే సింహభాగము.

ఇట్లుండుటకు ప్రభుత్వము ఊరకుండుట కారణమని చెప్పజాలము. వాగ్దానములకు కొదవలేదు. 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబరు పథకమునకు అనుమతి దొరకినది. రెండేండ్లలో రెండున్నర లక్షల పంచాయతీలకు తీగ వేయుదుమనిరి. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చిరి. మొదటి లక్ష పంచాయతీలు పూర్తియగునప్పటికి 2017 డిసెంబరు వచ్చినది. 2018 నాటి జాతీయ విధానపత్రము 2022 నాటికి పౌరుడొక్కొక్కనికి సెకండునకు 50 మెగాబిట్ల వేగము అందజేయుదుమని వ్రాసికొన్నది. 2020 ఆగస్టు 15వ తేదీన ఎఱ్ఱకోట బురుజులమీదినుండి ప్రధానమంత్రి, వేయి దినములలో ఆఱు లక్షల గ్రామములకును తీగ వేయింతుమని పలికిరి. ఆ వేయి దినములు 2023 మే నెలలో ముగిసినవి. అదే సంవత్సరము ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో పథకమును మఱల సవరించిరి. పేరు మాఱినది, గడువు మాఱినది, మొత్తము మాఱినది. కొనయూరివాని కిటికీ ముందఱి స్తంభము మాత్రము ఉత్తదిగనే నిలిచియున్నది.

2025 ప్రారంభమునాటికి 2 లక్షల 14 వేలకు పైగా పంచాయతీలు “సేవకు సిద్ధము” అని ప్రభుత్వపు లెక్క. ఆ తీగలమీద ఇండ్లకు అందిన కనెక్షనులెన్ని? సుమారు 12 లక్షలు. భాగించి చూచిన పంచాయతీకి ఆఱిండ్లయినను లేవు. చెఱువు త్రవ్వి, తూము కట్టి, పంటబోదె త్రవ్వుట మఱచిన కాపును ఊరివారేమందురు? నీరు చెఱువులో నున్నది, చేను ఎండుచున్నది. పంచాయతీ కచ్చేరీలో పెట్టె బిగించి, ఛాయాచిత్రము తీయించుకొని, జాబితాలో గీత గీచినంతమాత్రమున ఊరికి తీగ వచ్చినట్లు కాదు. ఇంటికి వచ్చిననే వచ్చినట్లు. వచ్చినది తెగకుండ నిలిచిననే ఉన్నట్లు.

ఉభయ తెలుగు రాష్ట్రములును ఈ విషయమున చేసిన ప్రయత్నములను మఱచుట న్యాయము కాదు. ఆంధ్రప్రదేశమున విద్యుత్ స్తంభములమీదుగనే ఫైబరు తీగ లాగి, భూమి త్రవ్వు ఖర్చును తప్పించి, తొలుత 2016లో కోనసీమయందలి మోరి గ్రామమున దానిని చూపిరి. 2017 డిసెంబరులో రాష్ట్రపతిచే ప్రారంభింపజేసి, నెలకు 149 రూపాయలకు సెకండునకు 15 మెగాబిట్ల వేగముతోపాటు టెలివిజనును టెలిఫోనును ఇచ్చెదమనిరి. ఊరనక, పట్టణమనక వెల యొక్కటే యనిన ఆ మాట అర్ధణా బిళ్లను తలపించినది. కాని ఆ వెల నిలువలేదు. కోటికి పైగా గృహములనిన లక్ష్యమును చేరలేదు. ప్రభుత్వములు మాఱినవి, టెండర్లమీద విచారణలును, ప్రత్యారోపణలును మిగిలినవి. తప్పెవరిదో న్యాయస్థానములు తేల్చుగాక. మేము చెప్పునది ఒక్కటే: రాజకీయ పక్షములు వచ్చుచుండును, పోవుచుండును, స్తంభముమీది తీగ పక్షములది కాదు, ప్రజలది. తెలంగాణమున మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబరును పఱచిరి. ఇదియును బుద్ధిమంతుల పనియే. 2024 డిసెంబరులో ఎంచుకొన్న కొలది గ్రామములలో నెలకు 300 రూపాయలకు ఇండ్లకు సేవ మొదలుపెట్టిరి. కొలది గ్రామములు దృష్టాంతమునకు చాలును, న్యాయమునకు చాలవు.

పొరుగున కేరళను చూడుడు. 2017లోనే ఆ రాష్ట్ర ప్రభుత్వము ఇంటర్నెట్టు పౌరుని మౌలికమగు హక్కని ప్రకటించినది. 2019 సెప్టెంబరులో ఆ రాష్ట్ర హైకోర్టు, ఇంటర్నెట్టు పొందు హక్కు విద్యాహక్కులోను ఏకాంతహక్కులోను భాగమని తీర్పు చెప్పినది. 2023 జూన్ 5వ తేదీన రాష్ట్రపు సొంత తీగల వ్యవస్థ ప్రారంభమైనది. 20 లక్షల పేద కుటుంబములకు ఉచితముగ సేవ నిచ్చుట దాని సంకల్పము. ఆ సంకల్పము పూర్తిగ నెఱవేరినదని మేము చెప్పము. అయినను అచ్చట హక్కు అను మాట ముందు పుట్టి, తీగ తరువాత వచ్చినది. ఇచ్చట తీగ ముందు వచ్చి, హక్కు అను మాట నేటికిని రాలేదు. హక్కు లేని తీగ దయతో నిచ్చినది. దయతో నిచ్చినది ఎప్పుడైనను తీసికొనిపోవచ్చును.

ఇక కంపెనీల పక్షమువారి వాదమును ఆలకింతము. “దూరమున కొలదిమంది యుందురు, తీగ ఖర్చు హెచ్చు, వ్యాపారము చేయువారము గాని ధర్మసత్రము నడుపువారము కాము” అని వారందురు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. నూఱిండ్ల వీధికిని పదిండ్ల పల్లెకును ఇంటింటి ఖర్చు సమానము కాదు. కాని తపాలావారికిని కొండమీది గూడెమునకు జాబు మోయుట ఖర్చే. ఆ ఖర్చును దేశమంతటికిని పంచిరి; జాబు వెల పెంచలేదు. విద్యుచ్ఛక్తిని చూడుడు. మన రెండు రాష్ట్రములలోను పంపిణీ సంస్థలు ఒకటికంటె హెచ్చుగ నున్నవి. వాని ఖర్చులు వేఱు, వాని నష్టములు వేఱు. అయినను ఒక రాష్ట్రములోని గృహస్థులకు యూనిటు ధర యొక్కటే. దీపమునకు సాధ్యమైనది తీగకు అసాధ్యమనుట ఎట్లు? మఱియు కంపెనీలు తమ సొంత భూమిమీద వ్యాపారము చేయుటలేదు. తీగ పోవునది ప్రజల బాట ప్రక్కను; వ్రేలాడునది ప్రజల స్తంభముమీద. ప్రజల ఆస్తిమీద నిలిచి లాభము తీయువారు ప్రజలలో కొందఱిని విడిచిపెట్టుటకు స్వతంత్రులు కారు.

పైగా ఈ ఖర్చును భరించుటకనియే ఒక నిధి యున్నది. 2002 నుండి టెలికాం కంపెనీల సర్దుబాటు చేసిన ఆదాయములో నూటికి 5 వంతులను సార్వత్రిక సేవానిధి పేర వసూలు చేయుచున్నారు. 2003లో దానికి చట్టబద్ధత కల్పించిరి. 2023 టెలికాం చట్టమున దానికి డిజిటల్ భారత్ నిధి యని క్రొత్త పేరు పెట్టిరి. కంపెనీవారు దీనిని తమ జేబునుండి ఇచ్చుచున్నారని యనుకొనకుడు. మనము చెల్లించు బిల్లులోనుండియే ఇచ్చుచున్నారు. అనగా కొనయూరివాడు తన సెల్‌ఫోను రీఛార్జిలో ప్రతి నెలయు తన యూరి తీగకు చందా చెల్లించుచునే యున్నాడు. తీగ మాత్రము రాలేదు. ఇంతకన్న వింత యెచ్చట నుండును?

సమాన వెల యనునది ఎల్లప్పుడును ఎల్లయెడలను మంచిదని మేము వాదించుటలేదు. 1952 నుండి సుమారు నలువదేండ్లు బొగ్గునకును ఇనుమునకును రవాణా వెలను దేశమంతట సమానము చేసిరి. గనులున్న బీహారు, ఒరిస్సా ప్రాంతములు తమ సహజలాభమును కోల్పోయి నష్టపడినవి. అది కర్మాగారముల ముడిసరకు మాట. ముడిసరకు వేఱు, మనుష్యుని నిత్యావసరము వేఱు. కొండవాసికి తీగ సమాన వెలకు ఇచ్చినంతమాత్రమున నగరవాసి సొత్తేమియు హరింపబడదు. పైపెచ్చు, తీగకు చేరినవారు పెరిగినకొలది దాని ప్రయోజనము అందఱికిని పెరుగును.

మన పెద్దలు ఈ జాతి వివక్షను క్రొత్తగా ఎఱుగరు. పరప్రభుత్వకాలమున రైలు సుంకములమీద వారు చేసిన పోరాటమును స్మరింపుడు. ఓడరేవులకు పోవు ముడిసరకునకును, రేవులనుండి వచ్చు విదేశవస్తువునకును సుంకము చౌక. దేశములోపల ఊరినుండి ఊరికి పోవు సరకునకు ప్రియము. 1916–18 నాటి పారిశ్రామిక సంఘమువారు సహితము ఈ అన్యాయమును గుర్తించి సవరింపవలయునని వ్రాసిరి. పట్టా యొకటే, ఇంజను ఒకటే. సుంకపు పట్టికలో మాత్రము ఒక యూరు పెరిగినది, మఱొక యూరు క్షీణించినది. సుంకపు పట్టిక తుపాకీకంటె నిశ్శబ్దముగ ఊళ్లను చంపగలదని ఆ నాడు తెలిసికొంటిమి. నేడు తీగ లేని యూరినుండి ముందుగ లేచిపోవుచున్నవారెవరు? చదువుకొన్న పిల్లలు. తరువాత చిన్న వ్యాపారి. ఆ పిమ్మట ఉపాధ్యాయుడు, వైద్యుడు. ఊరు ఖాళీయైన పిదప “అచ్చట గిరాకి లేదు” అని కంపెనీవారందురు. గిరాకిని చంపినవారే గిరాకి లేదనుట!

చట్టమున ఆధారము లేదని నిరాశ పడనక్కఱలేదు. 1997 చట్టముచే ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ, ట్రాయి, 1999లో చేసిన సుంకముల ఉత్తరువులో, ఒకే తరగతి చందాదారుల నడుమ భేదము చూపరాదనియు, తరగతుల విభజన స్వేచ్ఛానుసారముగ నుండరాదనియు నియమమున్నది. 2016 ఫిబ్రవరి 8వ తేదీన ఆ సంస్థయే మఱొక ఘనకార్యము చేసినది. చూచు విషయమునుబట్టి ఇంటర్నెట్టునకు వేఱువేఱు వెలలు కట్టరాదని శాసించినది. ఆ నాడు లోకమంతయు మన దేశమును మెచ్చుకొన్నది. మేమడుగునది యొక్కటి. ఏమి చూచుచున్నాడను దానినిబట్టి వెల మార్చుట అన్యాయమైనచో, ఎచ్చట కూర్చుండి చూచుచున్నాడను దానినిబట్టి వెల మార్చుట న్యాయమెట్లగును? విషయభేదమును నిషేధించిన చేయి స్థలభేదమువద్ద ఏల వణకుచున్నది? బ్రాడ్‌బ్యాండు వెలలను కంపెనీల ఇష్టమునకు వదలివేయుట ట్రాయి చాలకాలముగ అనుసరించు పద్ధతి. పోటీ యున్నచోట ఆ పద్ధతి తగును. పోటీ లేనిచోట అది గొఱ్ఱెల మందను తోడేలునకు అప్పగించుటయే.

2021 ఆగస్టులో ఆ సంస్థయే గ్రామీణ గృహస్థుడు తీగ బ్రాడ్‌బ్యాండునకు చెల్లించు నెలసరి రుసుములో సగము, 200 రూపాయలకు మించకుండ, అతనికి తిరిగి చెల్లింపవచ్చునని ప్రభుత్వమునకు సిఫారసు చేసినది. వైద్యుడు చీటీ వ్రాసియిచ్చినాడు. మందు మాత్రము రోగియింటికి రాలేదు.

ఇక మా కోరికలను స్పష్టముగ చెప్పెదము.

మొదటిది, లెక్క కావలయును. సెల్‌ఫోను సంకేతము ఎచ్చటెచ్చట నున్నదో పటములు ప్రకటింపవలెనని 2024 నాటి నియమములలో ట్రాయి శాసించినది. ఆ శాసనము తీగకును వర్తింపవలయును. ఏ గ్రామమున, ఏ వార్డున, ఏ వీధిని ఎవరి తీగ యున్నది, ఎంత వేగము, ఎంత వెల యనునది ప్రతి పౌరుడు చూడదగిన పట్టికగా నుండవలయును. అమెరికాలో 2022 నవంబరునుండి ఇంటింటి లెక్కతో ఇట్టి పటమున్నది. చీకటిలో జరుగు బేరమున మోసపోవువాడు ఎల్లప్పుడును కొనువాడే.

రెండవది, ఒక కంపెనీ ఒక మండలమున ఒక సేవకు ఒకే వెల కట్టవలయును. నగరమున పోటీకి వెఱచి తగ్గించిన వెలను పేటకును ఇవ్వవలసినదే. తగ్గింపజాలమందురేని, పేటలో హెచ్చు ఖర్చెంతయో లెక్కలు చూపి ట్రాయి యనుమతి పొందవలయును. ఋజువు చేయు భారము కొనువానిది కాదు, అమ్మువానిది.

మూడవది, ప్రజల ధనముతో వేసిన తీగ అందఱికిని తెఱచియుండవలయును. పంచాయతీవఱకు వచ్చిన ఫైబరును ఊరి యువకులు గాని, సహకార సంఘము గాని, మహిళా సంఘము గాని నిర్ణయమైన అద్దెకు తీసికొని ఇండ్లకు సేవ నందించుటకు వీలుండవలయును. పాలు పోయుటకును పరపతికిని సంఘములు నడిపిన జాతికి తీగ నడుపుట అసాధ్యము కాదు. బాటహక్కు విషయమున 2025 జనవరి 1వ తేదీనుండి క్రొత్త నియమములు వచ్చినవి. పురపాలక సంఘములు వానిని మన్నించి, అడ్డుపుల్లలు వేయక, ఆలస్యము చేయక అనుమతి నియ్యవలయును.

నాల్గవది, కనీసపు సేవ హక్కు కావలయును. బ్రిటనులో 2020 మార్చినుండి సెకండునకు 10 మెగాబిట్ల సేవ కోరు హక్కు గృహస్థునకు కలదు. మన యేలికలు 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండు నిర్వచనమును 512 కిలోబిట్లనుండి 2 మెగాబిట్లకు పెంచిరి. నిర్వచనము పెంచుట సులభము. దానిని హక్కు చేయుట కష్టము. కష్టమైన పనికే ప్రభుత్వములను ఎన్నుకొనుచున్నాము.

చదువరులకు ఒక్క మాట. ఈ పత్రికను పఠనమందిరములలో చదువువారు చాలవఱకు పట్టణవాసులు, తీగ గలవారు. “మాకున్నది, చాలును” అని ఊరకుండవలదు. మీ వీధిలో నేడు మూడు కంపెనీలుండవచ్చును. రేపు రెండు కలిసి ఒకటి కావచ్చును. అప్పుడు మీ వీధియు పేటయే యగును. 2024 జూలైలో ప్రధానములైన ప్రైవేటు మొబైలు కంపెనీలు మూడును ఒకే వారములో వెలలు పెంచిన సంగతి మఱవకుడు. పోటీదారులు కొలదిమందియైనప్పుడు పోటీ యనునది మాటలలోనే యుండును. కావున మీ వార్డు సభ్యుని అడుగుడు. మీరు చెల్లించిన బిల్లును ప్రక్క పేటవాని బిల్లుతో సరిచూడుడు. భేదము కనబడినచో సాక్ష్యముతో కంపెనీకి వ్రాయుడు. వారు పలుకకున్న వారి అప్పీలు అధికారికి వ్రాయుడు. ఆ ప్రతిని శాసనసభ్యునికి పంపుడు. గ్రామములందలి మీ బంధువులతో గ్రామసభలో ఒక్క ప్రశ్న వేయింపుడు: “మన కచ్చేరీలోని పెట్టె వెలుగుచున్నదా? వెలుగుచున్నచో దానినుండి ఎన్నిండ్లకు తీగ పోయినది?” ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వ్రాతమూలకముగా పుచ్చుకొనుడు. వేయి సభలలో ఈ ప్రశ్న పుట్టిన నాడు ఢిల్లీలో లెక్కలు వ్రాయు కలము కొంత జాగ్రత్తపడును.

ఒక్కటే జెండా, ఒక్కటే ఓటు, ఒక్కటే పరీక్ష, ఒక్కటే పన్ను అని మనకు చెప్పుచున్నారు. మంచిది. ఓటు విలువ వీధినిబట్టి మాఱనప్పుడు, ఓటరునకు వార్త నందించు తీగ వెల వీధినిబట్టి ఏల మాఱవలయును? నూటడెబ్బది యేండ్ల క్రిందట అర్ధణా బిళ్ల ఈ దేశమును ఒక్కటిగ లెక్కించినది. ఆ మాత్రపు లెక్క స్వరాజ్యములోని తీగకు రాకున్నచో, లోపము తీగది కాదు, తీగ పట్టినవారిది. వారిని అడుగక యూరకున్నచో అది మనది.